సరమ అడిగిన మాట

తగునిది తగదని యెదలో
వగవక సాధులకుఁ బేదవారల కెగ్గుల్
మొగిఁ జేయు దుర్వినీతుల
కగు ననిమిత్తాగమంబు లయిన భయంబుల్

ఈ కంద పద్యాన్ని బళ్లో చదువుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. నేనూ బట్టీ పట్టాను, ప్రతిపదార్థం రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇది తగును, ఇది తగదు అని మనసులో ఆలోచించకుండా సాధువులకూ పేదవాళ్లకూ కీడు చేసే దుర్మార్గులకు, కారణం తెలియని భయాలు వచ్చిపడతాయి అని తాత్పర్యం. బాగా రాశానని మాస్టారు మెచ్చుకున్నారు కూడా. ఇంతకీ ఈ మాట అన్నది ఎవరు? ఒక కుక్క. తన పిల్లను కొట్టారని రాజు ఎదుట నిలబడి అంది. ఆ సంగతి నా మనసుకెక్కడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు కురుక్షేత్రంలో తమ్ముళ్లతో కలిసి దీర్ఘసత్ర యాగం చేస్తున్నాడు. దేవతల కుక్క సరమకు ఒక పిల్ల ఉంది, పేరు సారమేయుడు. అది ఆడుకుంటూ యాగశాల దగ్గరికి వచ్చింది. జనమేజయుడి తమ్ముళ్లు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. సంస్కృత భారతంలో ఇక్కడ ఒక చిన్న సంభాషణ ఉంది. "నువ్వేదో తప్పు చేసి ఉంటావు, అందుకే కొట్టారు" అంటుంది తల్లి. "నేనేమీ చేయలేదమ్మా. హోమంలో వేసే హవిస్సు వైపు చూడలేదు, నాకలేదు" అంటుంది పిల్ల. పిల్లను వెనకేసుకొచ్చే ముందు అమ్మ దాన్నే ప్రశ్నించింది. ఆ తర్వాతే రాజు దగ్గరికి వెళ్లింది.

సరమ అంటే మామూలు కుక్క కాదు. పణులనే అసురులు దాచిపెట్టిన గోవులను ఇంద్రుడి కోసం వెతికి పట్టుకున్నది ఆమేనని ఋగ్వేదం చెబుతుంది. పదో మండలంలో సరమకూ పణులకూ జరిగిన సంవాదం ఒక సూక్తమే ఉంది. అంతటి ఆమె యాగశాలకు వచ్చి, "నా బిడ్డ ఏ తప్పూ చేయలేదు, ఎందుకు కొట్టారు?" అని అడిగింది. వాళ్లు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అన్న మాటే నన్నయ చేతిలో ఈ పద్యమైంది. భారతంలో అసలు కథ మొదలయ్యేదే ఇక్కడ. పద్దెనిమిది అక్షౌహిణుల యుద్ధం చెప్పబోయే గ్రంథం ముందుగా చెప్పింది ఒక కుక్కపిల్ల తిన్న దెబ్బ గురించి.

ఇది నాకు మళ్లీ గుర్తొచ్చింది ఒక కార్తీక సోమవారం నాడు. మా శివాలయంలో ఏకాదశ రుద్రాభిషేకం. వెనక వంటశాలలో మేం నలుగురైదుగురం ఆడవాళ్లం పులిహోరకు చింతపండు పులుసు కలుపుతున్నాం, కొబ్బరికాయలు తురుముతున్నాం. గుమ్మం దగ్గరికి ఒక గోధుమరంగు కుక్క వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు, దేన్నీ ముట్టుకోలేదు. వంటకు వచ్చిన ఒకాయన అప్పుడే వార్చిన గంజి గిన్నె ఎత్తి దాని వీపు మీద కుమ్మరించాడు. అది చేసిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎవరో "అయ్యో" అన్నారు. ఇంకెవరో "మడి వంట దగ్గరికి కుక్క వస్తే మరి" అన్నారు. నేను ఏమీ అనలేదు. కొబ్బరి తురుముతూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక, అభిషేకంలో రుద్రుణ్ణి స్తుతిస్తూ చదివే నమకం పుస్తకం తీశాను. నాలుగో అనువాకం చివర ఉంటుంది: "నమః శ్వభ్యః శ్వపతిభ్యశ్చ వో నమః". కుక్కల రూపంలో ఉన్న నీకు, కుక్కలను పోషించేవారి రూపంలో ఉన్న నీకు నమస్కారం అని. ఏకాదశ రుద్రంలో నమకం పదకొండు సార్లు చదువుతారు. అంటే ఆ పొద్దున గర్భగుడిలో పదకొండు సార్లు ఆ రూపానికి నమస్కరించాం. పది గజాల దూరంలో అదే రూపం మీద వేడి గంజి పోశాం. రుద్రుడు అన్నిచోట్లా ఉన్నాడని ఊరికే పైపైన చెప్పి వదిలేయలేదు నమకం. వడ్రంగుల్లో, కుమ్మరుల్లో, వేటగాళ్లలో, కుక్కల్లో అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి చెప్పింది.

ఆ రోజు నుంచి పద్యాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఒక్కో మాట దగ్గర ఆగాల్సి వచ్చింది.

"వగవక" అంటే ఆలోచించకుండా. తమ్ముళ్లు క్రూరులని నన్నయ చెప్పలేదు. ఆలోచించలేదని చెప్పాడు. గంజి పోసినాయన కూడా ఇంట్లో పిల్లల్ని ముద్దు చేసే మనిషే. మూగజీవాలకు మనం చేసే హింసలో చాలా భాగం కోపంతో చేసేది కాదు, ద్వేషంతో చేసేదీ కాదు. చెయ్యి ముందు లేస్తుంది, మనసు తర్వాత వస్తుంది. ఒక్కోసారి రానే రాదు. కోళ్లను కాళ్లు కట్టి తలకిందులుగా మోటార్ సైకిల్‌కు వేలాడదీసి తీసుకుపోతుంటే రోజూ చూస్తాం. ఇసుక బండి చక్రం కూరుకుపోతే ఎద్దు తోక మెలిపెడతారు. పాలు ఆగిపోయిన ఆవును తెలియని ఊళ్లో వదిలేసి వస్తారు. ఎవరినైనా ఆపి అడిగితే "అందరూ చేసేదే కదండీ" అంటారు. ఆ మాట నిజమే, అదే నన్ను భయపెడుతుంది.

"సాధులకుఁ బేదవారలకు" అన్నాడు. పేదవారు అంటే ఇక్కడ డబ్బు లేనివారని కాదు, దిక్కులేనివారు అని నేను అర్థం చేసుకున్నాను. హాని చేయనిది, తిరిగి ఏమీ చేయలేనిది. ఆ కుక్కకు నోరుంటే గుడి కమిటీకి ఫిర్యాదు చేసేది. సారమేయుడికి సరమ ఉంది కాబట్టి మనకు ఈ పద్యం వచ్చింది.

ఇక "అనిమిత్తాగమంబు లయిన భయంబుల్". కారణం కనిపించకుండా వచ్చే భయాలు. ఈ శాపంలో ఎంత లెక్క ఉందో చూడండి. నువ్వు కారణం లేకుండా కొట్టావు, కాబట్టి నీకూ కారణం లేకుండా భయం వస్తుంది. దెబ్బకు దెబ్బ అనలేదు ఆమె. ఎటు నుంచి వస్తుందో తెలియని దెబ్బ కోసం ఎదురుచూస్తూ బతకడం ఎలా ఉంటుందో, వీధిలో ప్రతి కుక్కకూ తెలిసిన ఆ బతుకును రాజుకు ఇచ్చింది.

అయితే కొట్టింది తమ్ముళ్లు. శాపం తగిలింది జనమేజయుడికి. చిన్నప్పుడు నాకిది అన్యాయంగా అనిపించేది. ఇప్పుడు అలా అనిపించడం లేదు. యాగం అతనిది, స్థలం అతనిది, తమ్ముళ్లు అతని మాట వినేవాళ్లు. సరమ నేరుగా యజమాని దగ్గరికే వచ్చింది. తన చోట జరిగినదానికి తాను బదులు చెప్పాలి. కొబ్బరి తురుముతూ కూర్చున్న నేను కూడా ఆ వంటశాలకు ఆ పూట యజమానినే.

హింసను ఆపడం గురించి ఎవరైనా అడిగితే నేను మొదట ఇదే చెబుతాను. ఎవరి చోటు వాళ్లు చూసుకోవాలి. మా గుడిలో తర్వాతి వారం నేనే కమిటీ పెద్దలతో మాట్లాడాను. చేతులు వణికాయి, ఇలాంటివి చెప్పడం నాకు అలవాటు లేదు. గంజి చల్లారాకే పారబోయాలని, వంటశాలకు సగం తలుపు పెట్టించాలని, వెనక గేటు దగ్గర రెండు నీళ్ల తొట్లు పెట్టాలని అడిగాను. భోజనాల తర్వాత విస్తళ్లను ప్లాస్టిక్ కవర్లలో మూటగట్టి రోడ్డు మీద పడేస్తే ఆవులు కవర్లతో సహా మింగేస్తాయి, ఆకులు విడిగా, కవర్లు విడిగా వేయించమన్నాను. ఎవరూ కాదనలేదు. అడిగేవాళ్లు లేకే ఇన్నాళ్లూ జరగలేదు.

చట్టం కూడా ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో పదకొండో సెక్షన్ చదివితే మన వీధి అంతా అందులో కనిపిస్తుంది: కొట్టడం, మోయలేని బరువు వేయడం, బాధ కలిగేలా తరలించడం, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, యజమాని వదిలేసి పోవడం. ఇవన్నీ నేరాలే. కానీ మొదటిసారి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా అంతే ఉంది. ఇది సిగ్గుపడాల్సిన విషయమే. చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు ఉంటుంది. జీవుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఏ అధికరణం చెబుతోంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లేవాళ్లు ఈ సెక్షన్ల నంబర్లు కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది.

కుక్కల గురించి ఇంత రాస్తూ భయం సంగతి ఎత్తకపోతే అది నిజాయితీ కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి జీవకారుణ్యం గురించి ఉపన్యాసం ఇవ్వగలిగే ధైర్యం నాకు లేదు. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట ముసుగులు వేసుకొచ్చినవాళ్లు ఇరవై వీధికుక్కలను కాల్చి చంపారు. ఈ రెండూ కలిపి ఆలోచించకపోతే ముందుకు పోలేం. కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా, వీధుల్లో మాంసం వ్యర్థాలు పేరుకోకుండా చూడటం: ఇవి మున్సిపాలిటీ చేయాల్సిన పనులు, మనం వెంటపడి చేయించుకోవాల్సిన పనులు. అన్నం పెట్టేవాళ్లు పిల్లలు ఆడుకునే చోటా, ఇంటి గుమ్మాల ముందూ పెట్టకూడదు. ఎవరినైనా కరిస్తే ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి. పసుపు, కారం పెట్టొద్దు. ఇవి సరిగా జరిగే ఊళ్లో భయం తగ్గుతుంది, భయం తగ్గితే చేతిలోకి రాయి రాదు.

పిల్లల విషయానికి వస్తే ఆదిపర్వంలోనే ఇంకో కథ ఉంది, మాండవ్య మహర్షిది. దొంగతనం చేయకుండానే ఆయనను శూలానికి ఎక్కించారు. ఏ పాపానికి ఈ శిక్ష అని యమధర్మరాజును అడిగితే, చిన్నప్పుడు నువ్వు తూనీగలను పుల్లలతో గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలం ఇది అన్నాడు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయడం మా ఊళ్లో వర్షాకాలం ఆట. నేనూ ఆడాను. ఆ దారం లాగినప్పుడు అది వేళ్ల మధ్య కొట్టుకోవడం నాకు గుర్తుంది. మాండవ్యుడు ఆ తీర్పు ఒప్పుకోలేదు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని యముణ్ణే శపించి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలు చేసినదానికి పాపం అంటదని కట్టడి చేశాడు. ఆ శాపం వల్లే యమధర్మరాజు విదురుడై పుట్టాడు.

ఈ కథను పిల్లలను భయపెట్టడానికి చెప్పేవాళ్లున్నారు, నాకది నచ్చదు. పిల్లవాడికి పాపం లేదని మహర్షే తేల్చాడు. పద్నాలుగేళ్ల దాకా లెక్క లేదంటే ఆ పద్నాలుగేళ్లూ నేర్పాల్సిన పని పెద్దలదని నాకు అర్థమైంది. పద్యంలో "దుర్వినీతులు" అన్న మాట కూడా ఇదే చెబుతోంది. వినీతుడు అంటే మంచి నడవడి నేర్చినవాడు. దుర్వినీతుడికి అది ఎవరూ సరిగా నేర్పలేదు. మా మనవడు దీపావళికి కుక్క తోకకు సీమటపాకాయ కడతానన్నప్పుడు నేను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, చెవి దగ్గర చప్పుడైతే ఎలా ఉంటుందో చేత్తో గట్టిగా చప్పట్లు కొట్టి చూపించాను. వాడు ఉలిక్కిపడ్డాడు. కాసేపటికి, "దానికి చెవులు మనకంటే పెద్దవి కదా అమ్మమ్మా" అన్నాడు. ఆ తర్వాత నేనింకేమీ చెప్పలేదు.

భారతం చివర్లో మళ్లీ ఒక కుక్క వస్తుంది. మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ముళ్లు అందరూ పడిపోయాక ధర్మరాజు వెంట అదొక్కటే మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కను వదిలి ఎక్కమన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి వచ్చే స్వర్గం నాకు వద్దన్నాడు ధర్మరాజు. ఆ కుక్క ధర్మదేవత అని తర్వాత తెలిసింది. అది కుక్కే అనుకుని అతనా మాట అన్నాడు, అందుకే ఆ మాటకు అంత విలువ.

ఈ భారత కథంతా వ్యాసుడి శిష్యుడు వైశంపాయనుడు ఎవరికి చెప్పాడో గుర్తు తెచ్చుకోండి. సర్పయాగంలో కూర్చున్న జనమేజయుడికే. అర్జునుడి మునిమనవడు అతను. తన యాగశాలలో కుక్కపిల్లను కొడితే, తల్లి వచ్చి అడిగితే, ఎవరూ నోరు విప్పలేదు. ఇప్పుడు అదే మనిషి తన ముత్తాత అన్నగారు కుక్క కోసం స్వర్గాన్ని కాదన్నాడని వింటున్నాడు. నేనెప్పుడు ఆ పర్వం చదివినా ధర్మరాజును కాక, వింటున్న ఆ రాజునే తలుచుకుంటాను.

మా గుడి వెనక గోధుమరంగు కుక్క ఇంకా ఉంది. వీపు మీద అరచేయంత మేర వెంట్రుకలు మళ్లీ రాలేదు. కార్తీకంలో అందరూ భోజనాలు చేసి వెళ్లాక నేను పెరుగన్నం తీసుకెళ్లి గేటు దగ్గర పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి వచ్చి నిలబడతాను. అంతకంటే దగ్గర్లో నేనుంటే అది రాదు. చేతిలో గిన్నె కనిపిస్తే అసలే రాదు, అందుకని ఆకులో పెడుతున్నాను.