అమ్మమ్మ వాళ్లమ్మ పేరు

పొద్దున్న అలారం ఆపుదామని ఫోన్ తీస్తే మెయిల్ వచ్చి ఉంది, మీ డీఎన్‌ఏ ఫలితాలు సిద్ధం అని. ఆరు వారాలుగా రోజుకు రెండుసార్లు ఆ యాప్ తెరిచి చూసుకుంటున్న నాకు, తీరా వచ్చేసరికి తెరవాలంటే టెన్షన్. పళ్లు తోముకుని, బట్టలు ఆరేసి, ఇక చేయడానికి పనేమీ దొరక్క అప్పుడు తెరిచాను.

గొట్టంలో ఉమ్మిన రోజు గుర్తొచ్చింది. అరగంట ముందు నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదన్నారు, పైగా నురగ లెక్కలోకి రాదు, గీత దాకా అసలు ఉమ్మే నిండాలి. నోరెండిపోయి పావుగంట పట్టింది. పక్కన కూర్చుని అక్క ఒకటే నవ్వు. తర్వాత తన వంతు వచ్చినప్పుడు తెలిసొచ్చిందిలెండి.

ఫలితంలో ముందు మా పూర్వీకులు ఎక్కడెక్కడివాళ్లో చూపించే రంగురంగుల మ్యాపు, ఈ ప్రాంతం ఇంత శాతం, ఆ ప్రాంతం అంత శాతం అని. నాకు 11 శాతం చూపించిన ఒక ప్రాంతం అక్కకు అసలు లేనే లేదు. అమ్మకు ఫోన్ చేసి చెప్తే, "ఏంటే, ఆస్పత్రిలో మార్చేశారంటావా?" అంది, నవ్వుతూనే, కానీ గొంతులో కాస్త అనుమానం కూడా ఉంది. లేదమ్మా, నీ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది కానీ ఏ సగం అన్నది పేకముక్కలు కలిపినట్టు పిల్లపిల్లకీ మారిపోతుంది, మా ఇద్దరికీ కలిసిన డీఎన్‌ఏ 2,600 సెంటీమోర్గన్ల పైనే ఉంది, ఎంత కలిసిందో కొలిచే లెక్క అది, సొంత అక్కాచెల్లెళ్లకు ఉండాల్సినంత, అని చెప్పాను. "ఆ సెంటీల గొడవ నాకెందుకు, ఇద్దర్నీ కన్నది నేనేగా" అంది.

అసలు ఆ శాతాల మీద నాకూ పెద్ద నమ్మకం లేదు. డీఎన్‌ఏని ఒక పుస్తకం అనుకుంటే, అందులోని 300 కోట్ల అక్షరాల్లో ఆరేడు లక్షల చోట్ల మాత్రమే చదివి, ఇప్పుడు బతికున్న మనుషుల నమూనాలతో పోల్చి వేసే అంచనా అది. రేపు వాళ్ల దగ్గర ఇంకొన్ని నమూనాలు చేరితే నా 11 కాస్తా 4 అయినా కావచ్చు. పది తరాలు వెనక్కి వెళ్తే లెక్క ప్రకారం 1,024 మంది పూర్వీకులు, వాళ్లలో చాలామందిది ఒక్క ముక్క కూడా నాలో మిగిలి ఉండకపోవచ్చట. వాళ్లు లేకపోతే నేను లేను, అయినా పరీక్షకు కనపడరు. మధ్యాహ్నం మీటింగ్‌లో కూడా దీని గురించే ఆలోచిస్తూ, ఎవరో ఏదో అడిగితే రెండుసార్లు "మళ్లీ చెప్తారా" అన్నాను.

నాతో డీఎన్‌ఏ కలిసినవాళ్లంటూ యాప్ ఇచ్చిన చుట్టాల జాబితాలో ముక్కూమొహం తెలియని ఒకావిడ ఉంది, 68 సెంటీమోర్గన్లు. బహుశా మా ముత్తాతల్లో ఒకరి అమ్మానాన్నలే ఆవిడకూ ముత్తాత అమ్మానాన్నలు అయ్యుంటారు. మెసేజ్ పెడదామంటే అక్క వద్దంది. 2018లో అమెరికాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే వరుస హంతకుణ్ని పోలీసులు పట్టుకున్నది ఇలాంటి దూరపు చుట్టాల డీఎన్‌ఏతోనే అని ఎక్కడో చదివిందట. మన ఇంట్లో హంతకులెవరున్నారే అంటే, "మనకు తెలిసి లేరు" అంది. మెసేజ్ రాసి, పంపకుండా అలాగే ఉంచాను.

నన్ను పట్టుకున్నది మాత్రం చివరి పేజీ, తల్లి వైపు వరస. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు విడిగా ఒక చిన్న డీఎన్‌ఏ ఉంటుంది, అది తల్లి నుంచే వస్తుంది, నాన్న వైపుది దాంతో కలవదు, ఎప్పుడో ఒక అక్షరం మారితే మారినట్టు. అంటే అమ్మమ్మ వాళ్లమ్మ దగ్గరున్న 16,569 అక్షరాలు దాదాపు ఉన్నవున్నట్టు ఇప్పుడు నా దగ్గరున్నాయి. ఆవిడ ఫొటో లేదు. వంశవృక్షం అని నేను గీసుకున్న కాగితంలో ఆవిడ గడి ఖాళీ.

రాత్రి మళ్లీ అమ్మకు ఫోన్ చేశాను. మీ అమ్మమ్మ పేరేంటమ్మా అని అడిగితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకు ఊహ తెలిసేసరికే పోయిందే. మా అమ్మ ఎప్పుడు తలుచుకున్నా 'మా అమ్మ' అనే అనేది, పేరు ఎవరడిగారు?" అంది. తర్వాత, పడుకోబోతుంటే, తనే ఫోన్ చేసి పెద్దమ్మకు తెలుస్తుందేమో, కానీ ఆవిడకు వినిపించదు, కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించాలి, ఆదివారం ఇద్దరం వెళ్దాం అంది.