పదో రూల్ దగ్గర ఆగి తొమ్మిదో యూనిట్ దాటాను

కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలకీ, రీసెర్చ్ ఫెలోషిప్‌కీ రాసే యూజీసీ నెట్ పరీక్ష రిజల్ట్ వచ్చింది. లా సబ్జెక్ట్, జేఆర్‌ఎఫ్, అంటే ఆ ఫెలోషిప్ కూడా! పేజీ మూడుసార్లు రిఫ్రెష్ చేసి, అమ్మకి ఫోన్ చేశాక గానీ నమ్మకం కుదరలేదు. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే కాబట్టి నేరుగా నాకు తగిలిన దెబ్బ దగ్గరికి వస్తాను.

2024 జూన్ 18న పరీక్ష బాగా రాశాను. మర్నాడే రద్దు. మళ్లీ పెట్టినప్పుడు రెండు ప్రశ్నల తేడాతో జేఆర్‌ఎఫ్ పోయింది. రద్దు కాకపోయుంటే అప్పుడే వచ్చేదని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను, అది వేరే సంగతి. కానీ నన్ను ముంచింది లా సిలబస్‌లో ఐటీ చట్టం ఉండే తొమ్మిదో యూనిట్. కంప్యూటర్, ఇంటర్నెట్ నేరాల సంగతి చూసే ఐటీ యాక్ట్‌ని ఎక్కాల్లా బట్టీ పట్టాను. సెక్షన్ 66సి ఐడెంటిటీ థెఫ్ట్, 66డి వేరే మనిషినని నమ్మించి మోసం, 66ఇ ప్రైవసీ... గోడకి చార్ట్ కూడా అంటించాను. అదే ఒకడు వేరేవాళ్ల పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి, వాళ్లలాగే మాట్లాడి డబ్బు లాగాడని కథగా అడిగితే తెల్లమొహం వేశాను. మా కాలేజీలో సైబర్ లా అంటే సెక్షన్లు చదివి వినిపించడమే మరి.

2025 జనవరి 3న డిజిటల్ పర్సనల్ డేటా డ్రాఫ్ట్ రూల్స్ వచ్చాయి, మన వ్యక్తిగత డేటాని కంపెనీలు ఎలా వాడాలో చెప్పేవి. ప్రభుత్వం వాటి మీద జనం కామెంట్లు అడిగింది. "కామెంట్లు పంపుదాం, పదో రూల్ నువ్వు చూడు" అంది ఎల్‌ఎల్‌ఎం సీనియర్ అక్క. "సిలబస్‌లో ఉందా అక్కా?" అన్నాను. తిట్టింది.

పదో రూల్ దీని గురించే: 18 ఏళ్లలోపు పిల్లల డేటా వాడాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. పేరెంట్‌నని చెప్పుకునే మనిషి పెద్దవాడో కాదో తేల్చుకోమంది డ్రాఫ్ట్. నిజంగా పేరెంటో కాదో తేల్చేదెలాగో చెప్పలేదు. ఖమ్మంలో మా అక్క ఫోన్ ఎప్పుడూ ఎనిమిదో క్లాసు మేనల్లుడి చేతిలోనే ఉంటుంది. ఓటీపీ వచ్చేదీ దానికే. అనుమతి అడిగేది వాడే, ఇచ్చేదీ వాడే!

ఈ సంగతి ఒక్క పేరాలో పెట్టడానికి వారం పట్టింది. పిల్లల్ని పట్టుకోవాలంటే అందరి వయసూ అడగాలి, అంటే పెద్దవాళ్లూ ఐడీ చూపించాలి. అంత అవసరమా అన్న ప్రశ్న రాగానే ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పిన 2017 పుట్టస్వామి తీర్పు తెరవాల్సి వచ్చింది. పేరు చెప్పకుండా మాట్లాడే స్వేచ్ఛ గురించి ఆలోచిస్తే 2015 శ్రేయా సింఘాల్ తీర్పు. ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలు రాస్తే శిక్ష వేసే 66ఎ ఎందుకు కొట్టేశారో, వేరేవాళ్లు పెట్టిన పోస్టులకి వెబ్‌సైట్ల బాధ్యత ఎంతో చెప్పే 79ని ఎందుకు కుదించి చదివారో అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. కామెంట్ల గడువు ఫిబ్రవరి 18 నుంచి మార్చి 5కి జరిగింది కాబట్టి సరిపోయింది. చార్ట్ ఆ వారంలోనే చింపేశాను.

మిగతావన్నీ మామూలే. జూరిస్‌ప్రుడెన్స్‌కి పాత పేపర్లు, క్రైమ్స్‌కి పాత శిక్షాస్మృతి ఐపీసీ నంబర్ పక్కనే దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్ నంబర్, హత్యకి 302 పక్కన 103 అలాగన్నమాట. పేపర్ 1లో డీఐ, అంటే పట్టికలు, గ్రాఫుల మీద లెక్కలు, రోజూ ఐదు. నెగటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్నా వదలొద్దు. ఫోన్ అవతల పడేయండి, ఐదింటికి లేవండి, క్రమశిక్షణ లేనివాడికి ఏ కోచింగూ... సరే, నేను ఏడింటికి లేచేవాణ్ణి.

మా కామెంట్‌కి జవాబేమీ రాలేదు. వచ్చిన కామెంట్లు బయటపెట్టబోమని ప్రభుత్వం ముందే చెప్పింది. ఇప్పుడు పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి ప్రపోజల్ రాస్తున్నాను, అదే పదో రూల్ మీద. మొదటి పేజీలో మేనల్లుడు ఉన్నాడు. పేరు మాత్రం రాయలేదు, వాడికింకా 18 నిండలేదు కదా.