బ్రహ్మగిరి చేలో రెండు పెంకులు

కర్ణాటకలోని మొలకాల్మూరులో ఆటో అతను బ్రహ్మగిరికి రానూపోనూ 700 అన్నాడు. రాయదుర్గం నుంచి బస్సుకి ఎంతో కాలేదు, చివరి ఈ కాస్త దూరానికి ఇంతా! ఒళ్లు మండింది, కానీ ఎండలో ఇంకో బండి కనపడలేదు. పైగా గంటకు మించి ఆగనన్నాడు.

అశోకుడి శాసనం పది నిమిషాల్లో చూసేశాను. నేను వచ్చింది పాత కుండపెంకుల కోసం. 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఇక్కడ తవ్వించి, ఒకదానిమీద ఒకటి పడున్న మూడు సంస్కృతుల్ని ముఖ్యంగా కుండల్ని బట్టే విడదీశాడు. అడుగున రాతిగొడ్డళ్ల వాళ్లు, తర్వాత పెద్ద రాళ్ల సమాధుల వాళ్లు, ఆపైన ఆయనే 'ఆంధ్ర సంస్కృతి' అని పేరుపెట్టిన పొర. పై పొర కాలం తేలడానికి పుదుచ్చేరి దగ్గరి అరికమేడు ఆధారమైంది. 1945లో అక్కడ రోమన్ సరుకుతోపాటు బయటపడిన, లోపల సన్నటి గీట్ల వలయాలున్న పళ్లేల రకమే ఇక్కడా దొరికింది.

కొండ కింద సెనక్కాయ చేను గట్టు మీద, ఏరి పారేసిన రాళ్లలో చిల్లపెంకులు కనిపించాయి. రెండు చేతిలోకి తీసుకున్నాను. అక్కడే కూర్చున్న పెద్దాయన "ఇట్లా తే నాయనా" అని తెలుగులోనే అడిగాడు. కుమ్మరి పని చేసిన మనిషట.

బూడిదరంగు పెంకు లోపల బొటనవేలు రాసి చూశాడు. "ఇది సారె మీద లేచింది కాదు. చేత్తో ఒత్తినారు, చూడు, ఎగుడుదిగుడు." రెండోది లోపల నలుపు, బయట ఎరుపు. "బోర్లించి కాల్చినారు. లోపల గాలాడక నల్లబడింది, బయట గాలి తగిలి ఎర్రబడింది."

వీలర్ లెక్కలో మొదటిది రాతిగొడ్డళ్ల కాలపుది, రెండోది సమాధుల వాళ్లది అయ్యుండాలి. సంతలో మా అవ్వ కూడా ఇంతే, కుండలో చెయ్యి పెట్టి తడమకుండా డబ్బులు తీసేది కాదు.

జేబులో వేసుకోవాలనిపించింది. కానీ ఏ చేలో దొరికిందో తెలియని పెంకుతో ఎవరికీ పని ఉండదు. గట్టు మీదే పెట్టేశాను.

"వాటిల్లో ఏం వండేవాళ్లో?" అన్నాడాయన.

దక్షిణాదిలో ఆ కాలపు ఊళ్లలో మాడిన ఉలవలు, పెసలు దొరికాయని చెప్పాను.

"మా ఇంట్లో ఈపొద్దు ఉలవచారే. తిని పోదువు రా."

ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు. ఇంకో వంద ఇస్తానని చెప్పి పెద్దాయన వెంట నడిచాను.