అడ్డకర్రకు వేలాడిన నార బట్ట

మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో ఉన్న రోమన్ సైనిక పతాకం ఫోటోను నిన్న రాత్రి పెద్దది చేసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఈజిప్టులో దొరికిన, క్రీ.శ. 3వ శతాబ్దానిదిగా చెప్పే ఆ ఎర్రని నార బట్ట ఒక్కో వైపు సుమారు 50 సెంటీమీటర్లే. మన భుజాన వేసుకునే తువ్వాలులో సగం కూడా ఉండదు. దాని మధ్యలో గోళం మీద నిలబడి, దండను, ఖర్జూర మట్టను పట్టుకున్న విజయదేవతను బంగారు వన్నెలో చిత్రించారు. వెక్సిల్లమ్ అనే ఈ రకం పతాకాన్ని బల్లేనికి అడ్డంగా కట్టిన కర్రకు వేలాడదీసేవారు కనుక, గాలి లేని రోజున కూడా బొమ్మ ముడుచుకోకుండా సైనికుల కంటికి ఆనేది. కింది అంచున కుచ్చుల పోగులు ఇంకా మిగిలి ఉన్నాయి, వాటి దగ్గరే నా చూపు ఆగిపోయింది.

క్రీ.పూ. 53లో రోమన్లతో జరిగిన కర్హే యుద్ధంలో ఇరాన్ ప్రాంతపు పార్థియన్లు బంగారంతో మెరిసే పట్టు పతాకాలను ఎగరేశారని రోమన్ చరిత్రకారుడు ఫ్లోరస్ రాశాడు. అంత వైభవం గురించి చదివినా, ఎడారి పొడి వాతావరణం పదిహేడు వందల ఏళ్లు కాపాడిన ఈ ముతక నారే నన్ను ఎక్కువగా కదిలించింది.