ఎడమవైపు కార్పెట్ కింద

అల్పపీడనం పట్టి మూడు రోజులు ఆగకుండా కురిసిన వాన, శుక్రవారం రాత్రికి కాస్త తెరిపి ఇచ్చింది. శనివారం పొద్దున్నే అత్తయ్యను డాక్టరుకు చూపించాలని కారు తీశాను. ఆవిడకు ఆయాసం, నెలనెలా చూపించుకోవాలి. ముందు సీట్లో కూర్చుని చెప్పులు విప్పి కాళ్లు కింద పెట్టారో లేదో, "అమ్మాయ్, ఇక్కడ చెమ్మగా ఉందేంటి?" అన్నారు.

ఎవరో తడి గొడుగు పెట్టి ఉంటారనుకున్నాను. నిజానికి అద్దాలు లోపలి నుంచి ఆవిరి పట్టి ఉన్నాయి. ఏసీ వేస్తే బ్లోయర్‌లోంచి బిందెలో నీళ్లు కదిలినట్టు గుడగుడమని చప్పుడు వచ్చింది. అన్నీ కళ్లముందే ఉన్నా, వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూసుకోవాలని అప్పుడు నాకు తట్టలేదు. ఇంటికొచ్చాక ఫుట్ మ్యాట్లు తీసి గోడ మీద ఆరేసి, కార్పెట్ పైపైన గుడ్డతో తుడిచి, పని అయిపోయిందనుకున్నాను.

బుధవారానికి వాసన మొదలైంది. తలుపు తియ్యగానే ముక్కిన బియ్యం డబ్బా మూత తీసినట్టు గుప్పుమంది. అత్తయ్య దారి పొడవునా దగ్గుతూనే ఉన్నారు. ఆ తర్వాతి వారం గుడికి వెళ్తూ, "నేను ఆటోలో వెళ్లొస్తాలే" అన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. ఆవిడ హాయిగా ఆస్పత్రికి వెళ్లి రావాలనే కదా మేం ఆ కారు కొన్నది!

ఇంటి దగ్గరి షాపులో చూపిస్తే డోర్ బీడింగ్ పోయిందన్నారు. 2,200 పెట్టి ఎడమవైపు రెండు తలుపులకూ కొత్త రబ్బరు వేయించాం. తర్వాతి వానకు మళ్లీ నీళ్లు. మా ఆయన ఏసీ నీళ్లేమో అన్నారు. ఏసీ నీళ్లు ఏసీ నడిస్తేనే వస్తాయి. మా కారు ఆ వాన రోజుల్లో గేటు ముందు నుంచి కదలనే లేదు. అంటే నీళ్లు పైనుంచే దిగుతున్నాయి.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాను. అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన మ్యాట్ తీసి, తలుపు కిందుండే ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ అంచు పైకి లేపి, "చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నారు. పైన కార్పెట్ దాదాపు పొడిగానే ఉంది. దాని అడుగున అంగుళం మందాన ఫోమ్ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నొక్కితే తడి బన్నులోంచి పాలు కారినట్టు వేళ్ల సందుల్లోంచి నీళ్లు పొంగాయి. మట్టి రంగు నీళ్లు. మూడు వారాలుగా అవి అక్కడే నిలవున్నాయి.

"ఎటు నుంచి వస్తున్నాయో చూడకుండా ఎన్నిసార్లు ఆరబెట్టినా ఏం లాభం తల్లీ" అని, గ్లవ్ బాక్స్ ఊడదీసి నా చేతికి టార్చి ఇచ్చి లోపల కూర్చోమన్నారు. ఆయన బయట నిలబడి, వైపర్ల దగ్గర అద్దం మొదట్లో మగ్గుతో నీళ్లు పోశారు. మొదటి రెండు మగ్గులకు ఏమీ కాలేదు. నాలుగో మగ్గుకు ఏసీ ఫిల్టర్ పెట్టె అంచు నుంచి ఒక చుక్క జారింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత సన్నని ధార. నేను లోపలి నుంచి కేక పెట్టాను.

ముందు అద్దం కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది కదా, దాని కింద ఒక తొట్టి ఉంటుంది. అద్దం మీద పడ్డ వాననీళ్లన్నీ ఆ తొట్టిలోకే దిగి, రెండు చివర్ల ఉండే కంతల్లోంచి ముందు చక్రాల వెనకగా నేల మీదకు పోవాలి. ఏసీ బయటి గాలి పీల్చుకునేదీ ఆ తొట్టిలోంచే. మా కారులో ఆ దారి ఎడమవైపు ఉంది. కంతలు పూడుకుపోతే తొట్టి నిండుతుంది, నిండిన నీళ్లు గాలి వెళ్లే దారిలోకి పొర్లి, ఫిల్టరూ బ్లోయరూ దాటుకుని ముందు సీటు కాళ్ల దగ్గర దిగుతాయి. సన్‌రూఫ్ ఉన్న కార్లలో పైన నీళ్లు పోయే సన్నని గొట్టాలు పూడుకున్నా ఇదే గతి, కాకపోతే నీళ్లు రూఫ్ లైనింగ్ నుంచి కారతాయి.

వైపర్లు విప్పి జాలీ తీస్తే లోపల రెండు దోసిళ్ల నల్ల మట్టి. అందులో కుళ్లిన ఆకుల ఈనెలు, పూల రేకులు, ఒక మూల వెలుతురు లేక తెల్లగా పాలిపోయిన రెండాకుల రావి మొలక. అది చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

ఆ మట్టంతా మా గేటు ముందున్న కానుగ చెట్టుదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి చెట్లు దాదాపు అన్నీ నేలకొరిగాయి. ఆ తర్వాతి ఏడాది వీధిలో అందరం కలిసి నాటుకున్న మొక్కల్లో ఇదొకటి. ఇప్పుడది మేడ దాటింది. వేసవి మొదట్లో కారు మీద పేలాలు చల్లినట్టు పూలు రాలుస్తుంది. పైపైన దులిపేసి కారు తీసుకుని వెళ్లిపోయేవాళ్లం. జాలీ సందుల్లోంచి లోపలికి జారినవి ఎన్నేళ్లుగా పేరుకున్నాయో! కొమ్మలు కొట్టించేద్దామని పక్కింటివాళ్లు అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ చెట్టు నీడ లేని నాలుగు వేసవులు నాకింకా గుర్తున్నాయి.

ఆరబెట్టడమే అసలు పని. బాబాయ్ ముందు బ్యాటరీ నెగిటివ్ తీగ తీసి, కాసేపు ఆగాకే సీట్ల బోల్టులు విప్పారు. సీటు కింద పసుపు రంగు కప్లర్, అంటే వైర్లు కలిపే ప్లగ్గు, కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ లైను, దాన్ని ఊరికే లాగకూడదన్నారు. కార్పెట్ మొత్తం బయటికి వచ్చాక ఇంటికి తెచ్చి హాల్లో రెండు కుర్చీల మీద వేశాను. విశాఖలో ఆగస్టు నెల, ఎండ లేదు, గాలిలోనే తేమ. తువ్వాళ్లు పరిచి మీద నిలబడి నీళ్లు పీల్పించి, రాత్రీపగలూ పెడెస్టల్ ఫ్యాను పెడితే ఫోమ్ లోపలిదాకా ఆరడానికి ఆరు రోజులు పట్టింది. తొందరపడి నాలుగో రోజు బిగించి ఉంటే మళ్లీ బూజు పట్టేది. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉన్నా, మడత పెట్టి నొక్కితే ఇంకా చల్లగా తగిలేది.

ఈలోగా షెడ్డులో నేల రేకు మీద తుప్పు గీకి ప్రైమర్ కొట్టారు. కార్పెట్ కింద వెళ్లే వైర్ల కప్లర్లలో ఒకదానికి పచ్చటి చిలుము పట్టింది. ఇంకో నెల వదిలేసి ఉంటే డాష్‌బోర్డు మీద లైట్లు వాటంతటవే వెలగడం మొదలయ్యేదట. స్ప్రే కొట్టి శుభ్రం చేశారు. ఏసీ ఫిల్టర్ అట్ట ముక్కలా ముద్దైపోయింది, కొత్తది వేశారు. అంతా కలిపి 6,400 అయింది. ఇది చెత్త పేరుకోవడం వల్ల వచ్చిన నష్టం కాబట్టి ఇన్సూరెన్స్‌లో రాదన్నారు, మేమే కట్టుకున్నాం.

ఒక్క మాట మాత్రం విడిగా చెప్పాలి. మీ కారు సెల్లార్‌లోనో రోడ్డు మీదో వరద నీళ్లలో మునిగితే ఇలా ఇంట్లో ఆరబెట్టుకునే పని కాదు. దయచేసి తాళం తిప్పకండి. ఇంజన్‌లోకి నీళ్లు చేరి ఉంటే, స్టార్ట్ చేసిన క్షణంలోనే లోపల రాడ్డు వంగిపోవచ్చు. స్టార్ట్ చెయ్యకుండానే టో చేయించి షెడ్డుకు చేర్చండి.

ఇప్పుడు ఆదివారం ఆదివారం బానెట్ ఎత్తి, పాత టూత్‌బ్రష్‌తో జాలీ అంచులు శుభ్రం చేసి, ఒక్కో వైపు రెండు మగ్గుల నీళ్లు పోస్తాను. రెండు ముందు చక్రాల వెనకా నీళ్లు కారడం చూశాకే బానెట్ మూస్తాను. పది నిమిషాల పని.

బ్లోయర్ మాత్రం మూడో స్పీడులో ఇంకా గరగరమంటోంది. తడికి బేరింగ్ దెబ్బతిందని, వచ్చే వేసవికి మార్చాల్సి రావచ్చని బాబాయ్ అన్నారు. అత్తయ్య మళ్లీ ముందు సీట్లోనే కూర్చుంటున్నారు, అద్దం కాస్త దించుకుని. వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్లి ఎడమవైపు కార్పెట్ అంచు లేపి కింద చెయ్యి పెట్టి చూస్తున్నాను. మూడు పెద్ద వానలు వెళ్లాయి. చేతికి తడి తగల్లేదు.