గోల్కొండ చెరలో ఒక జమాఖర్చు పాట

‘ఇక్ష్వాకు కులతిలక’ పాడి మా అమ్మ నన్ను నిద్రపుచ్చేది. ఆ పాట పుట్టిందని చెప్పే గది చూడాలని ఆమెకు ఎన్నేళ్ల నుంచో కోరిక. మొన్న డిసెంబరులో ఆమెనూ, మా అమ్మాయినీ వెంటబెట్టుకుని గోల్కొండ వెళ్లాను.

కోట గుమ్మం దగ్గర గైడు చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందట. మా అమ్మాయి అక్కణ్ణుంచి కదలదే! అమ్మకు మోకాళ్ల నొప్పులు. పైదాకా ఎక్కే ఆశ లేదు, ఆమెకు కావలసిందల్లా రామదాసు బందిఖానా.

లోపలికి అడుగుపెట్టగానే కళ్లకు ఏమీ ఆనలేదు. కాసేపటికి గోడమీద రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు కనిపించారు. రామదాసే చెక్కాడంటారు. ఆరితేరిన శిల్పి పని కాదని చూడగానే తెలుస్తుంది. నాకైతే అందుకే నమ్మాలనిపించింది.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడని గోల్కొండ సుల్తాను తానీషా చెరలో వేయించాడు. పన్నెండేళ్లు ఉన్నాడని చెప్పుకుంటారు. తానీషా మంత్రులు అక్కన్న, మాదన్న స్వయానా ఆయన మేనమామలే, అయినా చెర తప్పలేదు. (1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక తానీషా కూడా దౌలతాబాద్ కోటలో బందీగానే పోయాడు. ఇది చదివినప్పటి నుంచీ ఆయన మీద కోపం సగం తగ్గింది నాకు.)

ఇంతకాలం ఆ పాటను భక్తి పాటగానే విన్నాను. ఆ గదిలో నిలబడి చరణాలు తలుచుకుంటే ఒక రెవెన్యూ ఉద్యోగి లెక్క అప్పజెబుతున్నట్టే ఉంది. సీతమ్మకు చింతాకు పతకం, పదివేల వరహాలు. శత్రుఘ్నుడికి మొలతాడు, పదివేల మొహరీలు. ఎవరికి ఏం చేయించాడో, ఎంత పట్టిందో వరసగా చెప్పి, చివరికి తెగించి రాముణ్ణే నిలదీస్తాడు: “నీవు కులుకుచు తిరిగెదవు ఎవరబ్బ సొమ్మని రామచంద్రా!”

అమ్మ గోడకు దగ్గరగా జరిగి మెల్లగా పాట ఎత్తుకుంది. ఆ మాట రాగానే మా అమ్మాయి నా చెయ్యి లాగింది.

“నాన్నా, దేవుణ్ణి అలా తిట్టొచ్చా?”

నేను నోరు తెరిచేలోపే అమ్మ పాట ఆపి అంది: “దెబ్బలు తిన్నవాడమ్మా. తనవాడనుకున్నాడు కాబట్టి అడిగాడు. పరాయివాణ్ణి అడుగుతామా?”

మళ్లీ అందుకుంది. తిట్టినందుకు రాముడు నొచ్చుకుంటాడేమోనని రామదాసు బతిమాలుకునే చరణం దగ్గర ఆమె గొంతు బాగా తగ్గిపోయింది.

“ఈ దెబ్బల కోర్వలేక అబ్బ తిట్టితినయ్యా...”

చిన్నప్పుడు ఇక్కడిదాకా నేనెప్పుడూ మెలకువగా లేను.