కాలిన మోటారు, కదలని బిల్లు: నా అనుభవం

మా ఊరి మంచినీళ్ల మోటారు మరమ్మతు బిల్లు ఎట్టకేలకు నిన్న మంజూరైంది. విజయనగరం జిల్లాలో చంపావతి ఒడ్డునున్న మా ఊరికి ఏటి ఇసుకలోని ఊటబావి నుంచే ట్యాంకుకు నీరెక్కుతుంది. ఎండాకాలం లోవోల్టేజీకి సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోయింది. దానిని పైకి తీయించి, పట్నంలో వైండింగు (లోపలి రాగి తీగ చుట్ట) కొత్తగా వేయించి, తిరిగి దింపించడం ఇబ్బంది లేకుండానే జరిగింది. డబ్బు మా డ్వాక్రా సంఘం సర్దింది.

ఆ డబ్బు రాబట్టుకోవడంలోనే చుక్కలు కనిపించాయి. 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో 2021-26కు కేంద్రం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి చెరిసగం కేటాయించినదే కనుక, కాగితాలు పట్టుకుని బిల్లు మంజూరు చేసే కార్యాలయానికి వెళ్లాను. అక్కడి గుమస్తా వాటివైపైనా చూడకుండా, "మీరెందుకొచ్చారమ్మా, మీ ఆయన్ని పంపండి" అన్నాడు. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది మహిళలే ఉండాలని ఇంటింటికీ కుళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయని, నేను ఆ కమిటీ సభ్యురాలినని చెబితే గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. బిందె మోసేది మేము, సంతకానికి మాత్రం మగవాళ్లు కావాలా?

తర్వాత మరమ్మతు చేయించాలన్న మా కమిటీ తీర్మానం నకలు తెమ్మన్నారు. తీసుకెళ్తే, మరమ్మతు ముందు జరిగి తీర్మానం తర్వాత రాశారంటూ కొర్రీ వేశారు. ఊరంతా గుక్కెడు నీళ్లకు ఏటికి పరుగెడుతుంటే కోరం కోసం కూర్చునే కమిటీ ఎవరికి కావాలి? చివరకు, మోటారు నిజంగా కాలిందనడానికి రుజువేదని అడిగారు. మెకానిక్ తుక్కుకు అమ్ముకుంటానన్న పాత వైండింగును నేను పట్టుబట్టి గోనెసంచిలో దాచి ఉంచాను. మర్నాడు నల్లగా మాడి, ఇంకా కమురు వాసన కొడుతున్న ఆ రాగి తీగ చుట్టను ఆ గుమస్తా బల్లమీదే పెట్టాను. ఆ వారంలోనే ఇంజినీరు వచ్చి, బిల్లుకు ఆధారమయ్యే కొలతల పుస్తకంలో పని వివరాలు రాసుకుని వెళ్లారు. మా కమిటీలో ఇంతవరకూ ఏ మగ సభ్యుడూ సాధించలేని పని ఇది.

కమిటీలలో ఉన్న అక్కచెల్లెళ్లు కాలిన తీగను వదులుకోవద్దు, మోటారు నంబరు పలకను ఫొటో తీసుకోండి, ఫోనులో "చూస్తాం" అనే మాటను నమ్మకండి, అర్జీకి ముద్రతో రసీదు తీసుకోండి.

మోటారు దింపాక మొదటి నీళ్లు మురికిగా వస్తాయి, వాటిని బయటికి వదిలేయాలి. ట్యాంకులో బ్లీచింగు కలిపాక చివరి కుళాయి నీటిలో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసి, పసుపు రంగు వచ్చేదాకా తాగనివ్వకండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం ప్రబలింది కనుక ఈ పరీక్షను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

వచ్చిన డబ్బు సంఘానికి జమ చేశాం. ఇంటింటా నెలనెలా కొంత వసూలు చేసి వచ్చే వేసవిలోగా రెండో మోటారు కొనాలని తీర్మానించాం, ఈసారి తేదీ ముందే వేయించాం.